బురదగుంట మీద ఏటినీళ్లు

ఫోన్ మా వాటాలో లేదు. కింద వాటాలో నుస్రత్ ఆంటీ వాళ్లింట్లో ఉంది. "దుర్గా, మీ ఆయన" అని మెట్ల దగ్గర నుంచి ఆవిడ కేకేసేసరికి నేను అప్పుడే తలంటుకుని ఉన్నాను. తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని మెట్లు రెండేసి చొప్పున దూకుతూ దిగాను. పెళ్లయిన ఆడపిల్ల అలా దిగకూడదని పైనుంచి అమ్మ అంటూనే ఉంది.

"క్వార్టర్స్ ఇచ్చారు" అన్నారు మా ఆయన. "రెండు గదులు. వంటిల్లు వేరే. మనిద్దరికే."

ఆ గదిలో నుస్రత్ ఆంటీ, ఆవిడ అత్తగారు, కుట్టుమిషన్ ముందు ఆవిడ మరదలు ఉన్నారు. ముగ్గురూ ఏదో పనిలో ఉన్నట్టే ఉన్నారు గానీ మిషన్ ఆగిపోయింది. నేను "అలాగేనండి" అన్నాను.

"అలాగేనండి ఏంటి? సంతోషంగా లేదా?"

"ఉందండి."

"ఎంతుంది?"

"వచ్చాక చెప్తానండి."

నుస్రత్ ఆంటీ నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను ఫోన్ పెట్టేశాక వచ్చి, నా చేతిలో ఒక ఖర్జూరం పెట్టి, మీ ఆషాఢం ఎప్పుడు పోతుందని అడిగింది. ఈ వారంతో సరి అని చెప్పి మళ్లీ మెట్లు దూకుతూ పైకెక్కాను.

రెండు గదులకి అంత వెర్రి సంతోషమేంటని ఎవరైనా అనుకోవచ్చు. వాళ్లు మంగళగిరిలో మా అత్తవారిల్లు చూడలేదు. నేతవాళ్ల ఇల్లు. ముందు గదిలో ఒక గుంటమగ్గం, మధ్య గదిలో ఇంకొకటి. మిగిలిన చోటంతా రాట్నం, ఆసులు, గంజి పెట్టిన నూలు. మనుషులు సందుల్లో సర్దుకోవాలి. మధ్య గదిలో మగ్గానికి అటువైపు పాత చీర తెరగా కట్టి మాకు మంచం వేశారు. మా అత్తగారు శివపార్వతి గారు భోజనాలయ్యాక కూడా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తూనే ఉంటారు. నాడె అటూ ఇటూ పరిగెడుతున్నంతసేపూ ఆ చప్పుడు కింద మేం మాట్లాడుకోవచ్చు. నాడె ఆగితే మాట ఆగాలి. ఒకసారి నాడె ఆగింది, నా నవ్వు ఆగలేదు. "ఏంటమ్మాయ్, దోమలా?" అని తెర అవతల నుంచి అడిగారు అత్తగారు. మా ఆయన అవునమ్మా అని చెప్పి, పక్క మీద చేత్తో చప్పుడొచ్చేలా కొట్టి దోమల్ని చంపారు.

ఆ క్వార్టర్స్ ఇచ్చింది చమురు బావి దగ్గర. మా సంబంధం కుదిరింది కూడా చమురు వల్లే. పెళ్లిచూపుల్లో కాసేపు మాట్లాడుకోమని మమ్మల్ని డాబా మీదికి పంపారు. ఏం చదివారని అడిగితే ఎమ్మెస్సీ జువాలజీ అన్నాను. సెమినార్ దేనిమీద చేశారని అడిగారు. అంతకుముందు చూసి వెళ్లినవాళ్లెవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఆర్కిటిక్‌లో చమురు తవ్వకాల వల్ల అక్కడి జంతువులకీ పక్షులకీ ఏమవుతుందన్న దాని మీద అని చెప్పాను. సెమినార్ రోజు మే నెల ఎండలో, కరెంటు పోయిన హాల్లో చెమటలు కక్కుకుంటూ నేను మంచు గురించి మాట్లాడాను. గొట్టాలూ రోడ్లూ వేస్తే కారిబూ దుప్పులు పిల్లల్ని ఈనే చోటు వదిలేసి ఎలా పక్కకి తప్పుకుంటాయో, క్యాంపుల చెత్త మరిగి నక్కలూ కాకులూ పెరిగి చుట్టుపక్కల గూళ్లలో గుడ్లు ఎలా ఖాళీ చేస్తాయో, ఈకల మీద పల్చటి నూనె పొర పడితే చాలు ఒంట్లో వెచ్చదనమంతా ఎలా కారిపోతుందో చెప్పాను. ఎండకి చస్తుంటే నీకీ మంచు గోలేంటమ్మా అన్నారు మా సారు. మార్కులు మాత్రం బాగానే వేశారు.

"నేను చేసేది డ్రిల్లింగ్ సైటులోనే" అన్నారు ఉమామహేశ్. "అయితే మీరు మాకు ఎదురు పార్టీ అన్నమాట."

నేను నవ్విన నవ్వు కిందికి వినపడి, అమ్మాయికి నచ్చినట్టేనని పెద్దవాళ్లు తేల్చేశారు.

శ్రావణం రాగానే నన్ను తీసుకెళ్లారు. అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాకా బస్సు, అక్కడి నుంచి సైటు జీపు. ఒక పక్క రొయ్యల చెరువులు, ఒక పక్క ఉప్పుటేరు, దాని అవతల మడ చెట్లు. అది దాటితే సముద్రమే. 2002 అది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. దారంతా దుమ్ము. ఆ దుమ్ములో ఎక్కడో రేకుల కప్పుతో నాలుగు షెడ్లు వరసగా ఉంటే, చివరిది మాదన్నారు. నేను ముందు చేసిన పని లోపలికెళ్లి తలుపు గడియ వేయడం. మళ్లీ తీశాను, మళ్లీ వేశాను. బయట సామాన్లు దింపుతున్న మా ఆయన, "దుర్గా, నన్ను కూడా రానిస్తావా?" అని అడిగారు.

ఆ ఇంట్లో నాకు అన్నీ ముద్దుగానే ఉండేవి. రెండు గ్లాసులు, రెండు కంచాలు. ఏటిగాలికి వంటింటి కిటికీ తలుపు దానంతటదే కొట్టుకోవడం. నేను గట్టిగా పాడినా, అర్థం లేకుండా నవ్వినా ఎవరూ ఏంటమ్మాయ్ అనకపోవడం. ఆయన సైటు నుంచి వచ్చేటప్పుడు చెప్పుల దుమ్ము బయట దులిపే చప్పుడుకి నేను టీ పొయ్యి మీద పెట్టేదాన్ని. ఒకరోజు టీలో పంచదారకి బదులు ఉప్పు వేస్తే ఆయన గుక్క తిప్పుకోకుండా తాగేసి, ఏటినీళ్లతో పెట్టావా అని అడిగారు.

మా ఆయన పని ఏంటంటే, ఒక గుంటకి కాపలా. బావి తవ్వేటప్పుడు గొట్టంలోకి డీజిల్ కలిపిన చిక్కటి బురద పంపిస్తారట. వాడి పారేసిన బురదంతా పక్కన తవ్విన గుంటలోకి పోతుంది. నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచిన గుంట, ఎకరం పైనే ఉంటుంది. తవ్వకం అయిపోయి కంపెనీ రిగ్గు వెళ్లిపోయింది, గుంట మిగిలింది. ఆ బురద శుద్ధి చేయించి గుంట పూడ్చే కాంట్రాక్టు గవర్నర్‌పేటలో ఆఫీసున్న అంకమ్మరావు గారిది. ఆయన మా అత్తగారి తరఫున దూరపు చుట్టం. మా ఆయనకి పాలిటెక్నిక్ డిప్లొమా అవగానే పిలిచి ఉద్యోగం ఇచ్చినది కూడా ఆయనే. సైటులో మా ఇద్దరితో పాటు ఉండేది బాజీ ఒక్కడే. రేవు అవతల రేపల్లె మనిషి. పంపుసెట్టూ వాచ్‌మన్ పనీ అతనివే.

అన్నీ బాగున్నాయి గానీ కంపు ఉంది. మా ఇల్లు ఆ గుంటకి గాలి వాలున ఉంది. డీజిల్ వాసనా, దాని వెనకే కుళ్లిన గుడ్ల వాసనా. అన్నం నోట్లో పెట్టుకుంటే అదే, దిండులో మొహం పెట్టుకుంటే అదే. నేను రోజూ వాంతులు చేసుకునేదాన్ని. మా ఆయన కంగారుపడి మంగళగిరికి ఫోన్ చేస్తే, అత్తగారు ఆయన మాట పూర్తిగా వినకుండా వీధంతా విశేషమని చెప్పేశారు. అవనిగడ్డ వచ్చే ఎవరి చేతో చింతకాయ పచ్చడి జాడీ పంపారు. విశేషం లేదని నేను ఫోన్‌లో చెప్తే, సిగ్గుపడకమ్మాయ్ అన్నారు.

నేను చిక్కిపోతున్నానని, కొన్నాళ్లు మంగళగిరిలో ఉండరాదా అని ఆయన రెండు మూడుసార్లు అన్నారు. వాసన పోయేదాకానే అన్నారు. నేను ఏడ్చి, ముక్కుకి గుడ్డ కట్టుకుని వంట చేశాను. ఆ తర్వాత ఆయన ఆ మాట ఎత్తలేదు.

తర్వాత వారం ఏటి గట్టున పంపుసెట్టు పగలంతా ఆడటం విన్నాను. ఏం చేస్తున్నారని అడిగితే చూద్దువుగాని అన్నారు. ఒక పొద్దున నిద్ర లేచేసరికి వాసన లేదు. ఉందో లేదో అని గట్టిగా పీల్చి చూశాను. ఉప్పుగాలి, బయట బాజీ కాలుస్తున్న బీడీ, అంతే. ఆయన నన్ను చెయ్యి పట్టుకుని గుంట గట్టు మీదికి తీసుకెళ్లారు. పేడకళ్లలా గోధుమరంగులో బుడబుడమనే గుంట లేదక్కడ. ఇంత మేర నీళ్లు. ఆకాశం మొత్తం అందులో ఉంది.

"బురద బరువు కదా, అడుక్కి పోయింది" అన్నారు. "పైన మోకాలి లోతు ఏటినీళ్లు కట్టించా. వాసన పైకి రాదు."

"ఎవరు చెప్పారండీ ఇలా చేయమని?"

"ఎవరూ చెప్పలా. నీకోసం చెరువు కట్టించా."

నాకు ఎంత గర్వమేసిందంటే, ఆ సాయంత్రం మంగళగిరి పట్టు అంచు చీర కట్టుకుని ఆ గట్టు చుట్టూ ఆయనతో షికారు చేశాను, ప్రకాశం బ్యారేజీ మీద తిరిగినట్టు. నీళ్ల మీద అక్కడక్కడ ఇంద్రధనుస్సు రంగులు సాగుతున్నాయి. అవేంటో నాకు తెలుసు. డీజిల్ పొర. తెలిసి కూడా బాగున్నాయని చూపించాను.

సెప్టెంబరు ఆఖర్లో ఒక పొద్దున ముగ్గు వేస్తుంటే బాజీ తట్ట ఎత్తుకుని గుంట వైపు నుంచి వస్తున్నాడు. అందులో ఏంటని అడిగితే చెత్త మేడంగారూ అన్నాడు. తట్ట అంచు మీంచి సన్నటి నల్లటి కాలు ఒకటి వేలాడుతోంది. దించమన్నాను.

తట్ట నిండా పిట్టలు. నూనెలో ముంచి తీసినట్టు, ఈకలు ముడుచుకుపోయి, అరచేతిలో పట్టేంతవి కొన్ని, ముక్కు వంపు తిరిగినవి కొన్ని. ఆ ప్రాంతంలో వాటన్నిటినీ ఉల్లంకి పిట్టలనే అంటారు. నాకు విడివిడి పేర్లు వచ్చు. మా సారు ఎమ్మెస్సీలో మమ్మల్ని ఒక డిసెంబరులో హంసలదీవి తీసుకొచ్చి, బురద మీద పరిగెత్తే వందల పిట్టల్ని చూపించి, "అదిగోనమ్మా నీ ఆర్కిటిక్" అన్నారు. లిటిల్ స్టింట్లు, కర్లూ శాండ్‌పైపర్లు. జూన్‌లో సైబీరియా చివర మంచు కరిగే నేల మీద గుడ్లు పొదిగి, చలి మొదలవగానే ఇక్కడికి వచ్చేస్తాయి. పెద్దవి ముందు బయల్దేరి వచ్చేస్తాయి. ఆ ఏటి పిల్లలు ఆ తర్వాత, దారి చూపించేవాళ్లు లేకుండా వాటంతటవే వస్తాయి.

నేను ఒకదాన్ని తీసి కొంగుతో తుడిచాను. రెక్క మీద ప్రతి ఈకకీ చుట్టూ తెల్లటి అంచు కొత్తగా, చిరుగు లేకుండా ఉంది. పెద్ద పిట్టల ఈకలు అరిగిపోయి ఉంటాయి. ఇవి పిల్లలే. ఇది వాటికి మొదటి ప్రయాణం. ఇంకో దానిలో ప్రాణముంటే వేడినీళ్లలో సబ్బుపొడి కలిపి కడిగాను. నా చేతుల్లోనే మెడ వాల్చింది.

మా ఆయన వచ్చి, నీళ్లు తాగబోయి పడ్డాయేమోనన్నారు.

"మునుపు ఒక్క పిట్ట కూడా వాలలా సార్" అన్నాడు బాజీ. "బురదగా ఉన్నంతకాలం దాని వంక చూసే పిట్టే లేదు. నీళ్లు కట్టినకాడ్నించే దిగుతున్నయ్. ఈ వారమంతా నేనే పూడుస్తన్నా. చెప్తే మేడంగారు బాధపడతారని చెప్పలా."

మా ఆయన ఏటి గట్టు మీది పంపుసెట్టు వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ నీళ్లు నాకోసం కట్టినవి. ఎండిపోయిన ఏడాదిలో, చెరువులన్నీ నెర్రెలిచ్చిన చోట, మోకాలి లోతు నీళ్లు మెరుస్తుంటే అంత దూరం ఎగిరొచ్చిన పిల్ల ఎక్కడ వాలుతుంది?

ఆ రోజు నుంచి మేం చేయని పని లేదు. బాజీ డబ్బాలు వాయించాడు. నేను పాత చీరలు చించి గట్టు చుట్టూ కర్రలకి కట్టాను. పగలు కాసేపు పనిచేసేది. సముద్రం పోటెక్కి బయటి బురద మేటలు మునిగిపోగానే, కాలు పెట్టుకోవడానికి చోటు లేక గుంపులు గుంపులుగా ఇటే తిరిగేవి. చీరల మీదుగా రెండు చుట్లు తిరిగి దిగేవి. తోడేద్దామంటే ఎక్కడికి తోడాలి? ఏట్లోకి వదిలితే ఆ ఏటి నీళ్లతోనే చుట్టుపక్కల రొయ్యల చెరువులన్నీ నడుస్తున్నాయి, ఆ ఏట్లోనే జనం చేపలు పట్టుకుంటున్నారు. ఎండబెడదామంటే నెలలు పడుతుంది, ఈలోగా తుఫాను వాన ఒక్కటి పడితే గుంట పొర్లి అదే ఏట్లో కలుస్తుంది. బురదని తాకిన ప్రతి చుక్కా ఇప్పుడు బురద కిందే లెక్క, ట్యాంకర్లు పెట్టి పట్టుకెళ్లాల్సిందేనన్నారు మా ఆయన. ట్యాంకర్లు రావాలంటే అంకమ్మరావు గారు పంపాలి. పంపాలంటే ఆయనకి చెప్పాలి. చెప్తే, ఎవరిని అడిగి కట్టావని అడుగుతారు.

"ఇంకో వారం చూద్దాం" అనేవారు మా ఆయన. వారం అయ్యాక కూడా అదే అనేవారు. నేను కూడా చూద్దామనే అనేదాన్ని. నాకు ఆ గడియ కావాలి, ఆ రెండు గ్లాసులు కావాలి. కానీ పొద్దున్నే గుంట వైపు నుంచి సన్నగా ట్ర్ర్, ట్ర్ర్ అని వినపడేది. అవి లేవలేక పిలుచుకునే చప్పుడది. నేను లేచి కిటికీ వేసేదాన్ని, అయినా వినపడేది. ఎక్కడి నుంచో కాకులు మరిగాయి, వాటి వెనక కుక్కలు. సెమినార్‌లో చార్టు మీద నేను గీసిన బొమ్మ ఇంటి ముందుకి వచ్చి కూర్చుంది. ఇంట్లో మేం నవ్వడం మానలేదు గానీ, ఇద్దరిలో ఎవరో ఒకరు మధ్యలో ఆపేసేవాళ్లం.

దసరా ముందు అంకమ్మరావు గారు కారులో దిగారు, బందరు లడ్డూల డబ్బా పట్టుకుని. మా ఆయన మొహంలో నెత్తురు లేదు. నేను కాఫీ కలిపి గట్టు మీదికే పట్టుకెళ్లాను. అంకమ్మరావు గారు నడుం మీద చేతులు పెట్టుకుని గుంటకేసి చూస్తున్నారు.

"ఇదెవరి ఐడియా ఉమా?"

"నాదేనండి."

"బాగా చేశావయ్యా. ఊళ్లోవాళ్లు కంపు కంపని ఫోన్ల మీద ఫోన్లు చేసి నా ప్రాణం తీసేవాళ్లు. ఇప్పుడు ఒక్కడూ మాట్లాట్లేదు. తగ్గినప్పుడల్లా కట్టిస్తా ఉండు."

నేను ఆగలేక పిట్టల సంగతి చెప్పాను. ఎక్కడి నుంచి వస్తున్నాయో చెప్పాను, నీళ్లు చూసే దిగుతున్నాయని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నారు. కాఫీ బాగుందన్నారు. మంచి మనిషి, అదే కష్టం. ఆయన కసిరి ఉంటే నాకు తేలికగా ఉండేది.

"బుధవారం పొల్యూషన్ బోర్డువాళ్లు చూడటానికొస్తున్నారమ్మాయ్" అన్నారు. "పిట్టలు చస్తున్నాయని ఎవరో చెవినేశారు. నువ్వు జువాలజీ చదివావు గదా, నువ్వే మాట్లాడు. ఏదో రోగమొచ్చి రాలిపోతున్నయ్యని చెప్పు. మేం చెప్తే వాళ్లు వినరు, చదువుకున్న పిల్ల చెప్తే మారు మాట్లాడరు. నీకూ ఇక్కడే ఉద్యోగం వేద్దాం. ఇద్దరూ చల్లగా ఉండండి. గుంట పూడ్చడానికి తొందరేముంది?"

గుంట ఉన్నంతకాలమే సైటు. సైటు ఉన్నంతకాలమే ఇల్లు. ఆ ముక్క ఆయన అనలేదు, అనక్కర్లేదు. కారు వెళ్లిపోయాక లడ్డూల డబ్బా గట్టు మీదే ఉండిపోతే చీమలు పట్టకుండా నేను ఇంట్లోకి తెచ్చాను.

మర్నాడు సైటు ఆఫీసుకి అత్తగారు ఫోన్ చేశారు. అంకమ్మరావు గారు ఆవిడకి అంతా చెప్పారట, కోడలికి కూడా ఉద్యోగమని. ఆవిడ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు. మీరు ఇక అక్కడే స్థిరపడుతున్నారు కదా, మధ్య గదిలో మంచం తీసేసి ఇంకో మగ్గం దింపించానని చెప్పారు. మగ్గం గుంట తవ్వడం అయిపోయిందట, పలుగు పడగానే మంచి మన్ను వచ్చిందట. నేను చాలా మంచిదండీ అత్తయ్యా అన్నాను. మేం వెనక్కి వెళ్తే పడుకోవడానికి ఇప్పుడు ఆ తెర కూడా లేదు.

మంగళవారం సాయంత్రం మా ఆయన తొందరగా ఇంటికొచ్చారు. ఇద్దరం గుమ్మంలో కూర్చుని టీ తాగాం. రేపు నేను తడబడతానేమోనని ఆయనకి భయం. ఆఖరికి, సరదాగా ఒకసారి అనుకుందామా అన్నారు. వైవా పరీక్షలాగా. కుర్చీ తెచ్చుకుని, నా కళ్లజోడు తీసి పెట్టుకుని, గొంతు బొంగురు చేసుకుని పెద్ద ఆఫీసరులా కూర్చున్నారు. కళ్లజోడు ముక్కు మీంచి జారిపోతుంటే నాకు నవ్వాగలేదు.

"ఏమ్మా, ఈ పిట్టలన్నీ ఎందుకు చచ్చిపోతున్నాయి?"

"రోగం సార్."

"రోగమంటే? పేరుండదా దానికి?"

ఉంది. నాకు తెలుసు. వెతుక్కోకుండానే నోటికొచ్చింది. వానల్లేని ఏడాదిలో నిలవ నీళ్లు వేడెక్కితే, చచ్చిన పురుగుల్లో ఒకరకం విషం పుడుతుందని చెప్పాను. బాట్యులిజం అంటారని చెప్పాను. ఆ పురుగులు తిన్న పిట్టలకి ముందు కాళ్లు పడిపోతాయి, తర్వాత మెడ వాలిపోతుంది, అందుకే నీళ్లలో మునిగి ఉంటాయి, ఈకలకి నూనె అంటడం చచ్చాక జరిగింది అని చెప్పాను. వలస పిట్టల్లో ఇది చాలా దేశాల్లో చూసిందేనన్నాను. ఈ చుట్టుపక్కల ఎండిన చెరువుల్లో ఎక్కడో తిని వచ్చి ఉంటాయి, గుంటకీ దీనికీ సంబంధం లేదు సార్ అని ముగించాను. ఎక్కడా తడుముకోలేదు. సెమినార్‌లో కూడా ఇంత బాగా మాట్లాడలేదు.

మా ఆయన కళ్లజోడు తీసేశారు.

"బాగాలేదా?" అన్నాను.

"చాలా బాగుంది. నేనైతే నమ్మేస్తా."

పోటు ఎక్కుతున్నట్టుంది, ఏటి అవతల నుంచి ఒక గుంపు లేచింది. అంతా కలిసి తిరిగినప్పుడు ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా కనపడింది. బాజీ డబ్బా వాయించడం మొదలుపెట్టాడు. గుంపు కర్రలకి కట్టిన చీరల మీదుగా పోయి, ఇంకోసారి తిరిగి వచ్చింది.

"ఏవండీ, నాకు భయమేస్తోంది."

"తడబడతావనా?"

"కాదు. రేపు కూడా ఇంత బాగా చెప్పేస్తానేమోనని."

ఆయన నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుని, తన గ్లాసు పక్కన కింద పెట్టారు. చాలాసేపు నా వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ కూర్చున్నారు. నిజం చెప్పకపోతే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో నేను రోజూ పొద్దున్నే కిటికీ వేస్తాను, గుంట ఉన్నంతకాలం, ప్రతి చలికాలం. వచ్చేవాళ్లకి ఆ పాఠమే మళ్లీ మళ్లీ ఒప్పజెప్తాను, ప్రతిసారీ ఇంకాస్త బాగా.

"నిజం చెప్తే ఎక్కడికెళ్తామండీ?" అని అడిగాను.

"తెలీదు."

"నీళ్లయినా పోతాయా?"

"అదీ తెలీదు. ఆయనకి పెద్దవాళ్లు తెలుసు. రేపు కాకపోతే ఎల్లుండి ఇంకోడెవడైనా వచ్చి పంపుసెట్టు ఆడించవచ్చు." ఆయన లేచి నిలబడ్డారు. "కట్టింది మాత్రం నేను. ఎవరూ అడగకముందే కట్టా. అది చెప్పడానికి ఎవర్నీ అడగక్కర్లా."

నేనూ లేచాను. ఎందుకు కట్టారని అడిగితే, నా భార్యకి వాసన పడలేదని చెప్తారా అన్నాను. అదే చెప్తానన్నారు. నవ్వుతారేమో అన్నాను. నవ్వనీ అన్నారు. అంత దిగులులోనూ నాకు సంతోషం పొంగింది, ఏం చేయను, ఆయన ఆ మాట అంత మామూలుగా అన్నందుకు.

ఇద్దరం గట్టు మీదికి వెళ్లాం. బాజీ డబ్బా పక్కన పెట్టి, చీకటి పడకముందే గొయ్యి తవ్వి ఉంచుదామని పార తీస్తున్నాడు. పొద్దున ఆఫీసర్లు రాకముందే అన్నీ ఏరి సున్నం చల్లి పూడ్చమన్నారట అంకమ్మరావు గారు.

"పార లోపల పెట్టు బాజీ" అన్నారు మా ఆయన. "రేపు పొద్దున పిట్టల్ని ఏరొద్దు. ఎక్కడివక్కడే ఉండనీ. జీపు పదింటికొస్తుంది. వాళ్లని ఆఫీసులో కూర్చోబెట్టకుండా ముందు ఇక్కడికే తీసుకొస్తా. నీళ్లు కట్టింది నేనేనని చెప్తా. ఆ తర్వాత ఇవి ఎక్కడ పుట్టాయో, ఎంత దూరం నుంచి వచ్చాయో దుర్గ చెప్తుంది."